దొరగారి మీద మా పోట్లాటలు

నాకు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పడానికి ఒక అమెరికన్ మాస్టారిని పెట్టారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కర్నూల్లో డిగ్రీ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి వచ్చినదాన్ని, అదీ ఇంగ్లీషు మీడియం వాళ్లకి. నా పాఠం విన్న పిల్లలు ఇద్దరు ముగ్గురు తహసీల్దార్లు కూడా అయ్యారు. అలాంటిదాన్ని తీసుకెళ్లి ‘మై నేమ్ ఈజ్’ దగ్గర కూర్చోబెట్టారు.

తప్పు ఆ లైబ్రరీ వాళ్లది కూడా కాదులెండి. ఆష్‌బర్న్‌లో మేం కాపురం పెట్టిన కొత్త. నేను హెచ్-ఫోర్ వీసా మీద వచ్చాను, అంటే మొగుడి వెనకాల వచ్చినదాన్ని. ఉద్యోగం చేయకూడదు, జీతం తీసుకోకూడదు. అమెరికాలో ఉద్యోగాలు ఆకుల్లా రాలిపోతున్న రోజులవి. మా ఆయన ఉన్న ప్రాజెక్టు పోయి, వేరే రాష్ట్రంలో ఇంకొకటి దొరికింది. సోమవారం తెల్లారకముందే విమానం ఎక్కేవాడు, గురువారం సాయంత్రానికి వచ్చేవాడు. నాకు కారు నడపడం రాదు. పిల్లలు లేరు. ఇక్కడ ఆడవాళ్ల స్నేహాలన్నీ పిల్లల బడి దగ్గరా, పిల్లల పుట్టినరోజుల దగ్గరా కుదురుతాయి. ఆ రెండూ లేకపోవడంతో నేను ఊరికి ఉలిపికట్టెలా మిగిలిపోయాను.

మా ఇంటి వెనక కిటికీలు లేని పెద్ద పెద్ద భవనాలు ఉండేవి. వాటి నిండా కంప్యూటర్లే. లోకంలో ఎవరు ఎవరికి ఏ కబురు పంపినా ఆ గోడల మధ్య నుంచే పోతుందని మా ఆయన గొప్పగా చెప్పేవాడు. అవి రాత్రీ పగలూ ఒకటే హోరు. ఆ గోడల పక్కనే ఉండి నేను కొన్ని రోజులు పొద్దున్నుంచి పడుకోబోయేదాకా ఒక్క మాట మాట్లాడేదాన్ని కాదు. అమ్మకి ఫోన్ చేస్తే ‘ఏం వండావే’ దగ్గర మొదలై, దాదాపు అక్కడే అయిపోయేది.

పుస్తకాలు సర్దే పని ఏమైనా, ఊరికే, జీతం లేకుండా ఇస్తారేమోనని ఒకరోజు నడుచుకుంటూ లైబ్రరీకి వెళ్లాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి నా మాట సగం విని, చాలా దయగా నవ్వి, ప్రతి మంగళవారం బయటి దేశాల వాళ్లకి ఇంగ్లీషులో మాట్లాడటం అలవాటు చేస్తారని, డబ్బులేమీ అక్కర్లేదని చెప్పింది. నాకు ఇంగ్లీషు వచ్చు అనబోయాను. మంగళవారం రేపే కదా అని గుర్తొచ్చి, నోరు మూసుకుని సరే అన్నాను.

ఆ మాస్టారు అక్కడ కనిపించాడు. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు బాగా పొడుగరి అయ్యుంటాడు, ఇప్పుడు నడుము దగ్గర వంగాడు. ఎండాకాలంలో కూడా కోటు, టై. హైస్కూల్లో చరిత్ర మాస్టారుగా చేసి రిటైరై, వారానికొకసారి మాలాంటివాళ్ల చేత మాట్లాడించడానికి వచ్చేవాడు. మొదట్లో బల్ల చుట్టూ నలుగురైదుగురు ఉండేవాళ్లం. వాళ్లకి ఉద్యోగాలు దొరికి ఒక్కరొక్కరే మానేశారు. ఉద్యోగం చేయకూడనిదాన్ని నేనే కాబట్టి చివరికి ఆయనా నేనూ మిగిలాం.

“మీ దేశంలో ఏం చేసేదానివి?” అని అడిగాడు, ఒక్కొక్క మాటా విడదీసి, చిన్నపిల్లకి అన్నం ముద్దలు పెట్టినట్టు.

“చరిత్ర చెప్పేదాన్ని. మీరు మామూలుగా మాట్లాడండి, నాకు అర్థమవుతుంది” అన్నాను.

ఇంకొకరైతే నొచ్చుకునేవారు. ఆయన ముఖం వెలిగిపోయింది. కుర్చీ ముందుకు లాక్కుని ఒక పేరు చెప్పి, “ఈయన గురించి ఎప్పుడైనా విన్నావా?” అన్నాడు. ఆ పేరు ఇక్కడ రాయను. రాసినా మీకు తెలియదు. ఇంగ్లండులోనే తెలిసినవాళ్లు పదిమంది ఉంటారో లేదో. ఆ పేరుగలాయన్ని నేను దొర అనేదాన్ని. మాస్టారు కూడా ఆ మాట నేర్చుకుని ‘డోరా, డోరా’ అనేవాడు.

ఆ దొర కథ ఇది. పందొమ్మిదో శతాబ్దపు మనిషి. ఒక ఎర్ల్‌గారి మూడో కొడుకు. ఎర్ల్ అంటే మన జమీందారుకి ఇంకో రెండు మెట్లు పైన అనుకోండి. వాళ్ల పద్ధతిలో బిరుదు, భూములు, భవంతి అన్నీ పెద్దకొడుకుకే. మూడోవాడికి ఇంటిపేరూ, మంచి దుస్తులూ మిగులుతాయి. అందుకని తండ్రి అతనికి సైన్యంలో ఆఫీసరు పదవి కొనిచ్చాడు. అప్పట్లో అవి నిజంగానే కొనుక్కునేవాళ్లు. రెండేళ్లు మన దేశంలో ఉన్నాడు, వేటాడాడు, జ్వరపడ్డాడు. తర్వాత రష్యావాళ్లతో యుద్ధానికి మంచులోకి వెళ్లాడు. అక్కడ ఫిరంగి పక్కనే పేలి చెవులు రెండూ పోయాయి. ఇంటికి వస్తే, చెవిటివాడు సైన్యానికి పనికిరాడు కాబట్టి, వాళ్ల కుటుంబం చేతిలో ఉన్న సీటు ఇచ్చి పార్లమెంటుకి పంపారు. అక్కడ దాదాపు ముప్పై ఏళ్లు కూర్చున్నాడు. ఒక్క ముక్క వినపడేది కాదు. చెవికి ఇత్తడి బాకా ఒకటి పెట్టుకునేవాడట, దాంట్లోంచి కూడా హోరు తప్ప ఏమీ వచ్చేది కాదట. చివరికి అన్నలిద్దరూ పోయి ముసలితనంలో బిరుదు దక్కింది. అప్పటికి భార్య పోయింది, పిల్లలు లేరు. అంత పెద్ద భవంతిలో ఒక్కడే ఉండి ఒక్కడే పోయాడు.

అంతే. యుద్ధం గెలవలేదు, చట్టం చేయలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటాం కదా, ఆ శంఖాలన్నీ ముప్పై ఏళ్లు ఊదించుకున్న మనిషి. ఇలాంటివాడి కోసం ఒక అమెరికన్ బడిపంతులు యాభై ఏళ్లు ఎందుకు పోగొట్టుకున్నాడో మొదట్లో నాకు తలకెక్కలేదు.

తర్వాత ఆయనే చెప్పాడు. కుర్రతనంలో సైన్యంలో చేరి ఇంగ్లండులో కొన్నాళ్లు ఉన్నాడట. వాళ్ల శిబిరం దొరగారి ఊరి పక్కనే. ఆదివారం చర్చికి వెళ్తే అక్కడ దొర సమాధి మీద దుమ్ము తుడుస్తూ ఒక అమ్మాయి ఉంది. ఎవరిదీ సమాధి అని అడిగాడు. దొర కథ చెప్పడం మొదలుపెట్టింది ఆ అమ్మాయి. ఆ కథ పూర్తయ్యేలోపు ఈయన పెళ్లి చేసుకుని తెచ్చేసుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి సెలవులు దొరికినప్పుడల్లా ఆ ఊరు వెళ్లి, పాత కాగితాలు చదివి, సాయంత్రాలు భోజనం దగ్గర దొర గురించి వాదించుకునేవాళ్లట. ఆవిడ పోయి ఆరేళ్లు. “ఇప్పుడు మా ఇంట్లో ఆయన పేరు ఎత్తేవాళ్లు లేరు” అన్నాడు. దొర గురించే అన్నాడు. నాకు మాత్రం ఆవిడ గురించి అన్నట్టు వినిపించింది.

పాపం అనిపించింది. కానీ పాపం అనిపించినంత మాత్రాన నోరు ఊరుకుంటుందా? రెండో మంగళవారమో మూడో మంగళవారమో ఆయన దొర సైన్యం మన దేశంలో ఎక్కడ దిగిందో చెబుతూ ‘బెల్లరీ’ అన్నాడు.

“బళ్లారా?”

“నీకు తెలుసా?”

“మా అమ్మమ్మది ఆదోని. పొద్దున బస్సెక్కితే బళ్లారిలో పని చూసుకుని మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరొచ్చు” అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి నన్ను అలాగే చూశాడు, దొరగారి బంధువు ఎవరో ఎదురుగా వచ్చి కూర్చున్నట్టు. ఆయన సంతోషం చూసి నేనూ సంతోషించి ఊరుకుంటే సరిపోయేది. కానీ బళ్లారి, ఆదోని అనేసరికి నాకు అమ్మమ్మ చెప్పిన ధాత కరువు, పద్దెనిమిది వందల డెబ్బైల నాటిది, గుర్తొచ్చింది. అమ్మమ్మ చూసింది కాదు, వాళ్ల అవ్వ చూసింది. చీమలు దాచుకున్న గింజల కోసం జనం పుట్టలు తవ్వుకున్నారట. తవ్వుతూ తవ్వుతూ అక్కడే ఒరిగిపోయినవాళ్లు ఉన్నారట. అమ్మమ్మ కంచంలో మెతుకు వదిలితే ఊరుకునేది కాదు, ‘చీమ నోటిది లాక్కుని తిన్నోళ్లమే మనం’ అనేది. మనసులో లెక్క వేసుకున్నాను. ఆ కరువు నాటికి దొర పార్లమెంటులోనే ఉన్నాడు.

“అప్పుడు మీ దొర ఏం చేశాడు?” అన్నాను.

“ఆయనకి చర్చలు వినపడేవి కావు కదా.”

“చెవులు పోయాయి సరే, నోరు పోలేదుగా? ఆ నేల మీద రెండేళ్లు తిరిగినవాడు. ఆ జనం వండిపెట్టింది తిన్నవాడు. లేచి నిలబడి ఒక్క మాట అనలేకపోయాడా?”

 వచ్చేవారం చెబుతానన్నాడు. అలా మొదలైంది మా పోట్లాట.

వచ్చేవారం వచ్చి, ఆ చలికాలం దొరకి జబ్బు చేసిందన్నాడు. జబ్బు ఎన్నాళ్లు చేసింది, కరువు ఎన్నాళ్లుంది అని అడిగాను. పై వారం, ఆ ఏడే దొర భార్య పోయిందన్నాడు. మా వైపు ఇళ్లకి ఇళ్లే పోయాయి అన్నాను. ఇంకో వారం, పత్రికల్లో సరిగా రాయలేదన్నాడు. రాశారు, నేను అదే పాఠం చెప్పాను అన్నాను. చచ్చినవాడి కళ్లు చారెడు అని మా సామెత ఒకటుంది, మీ దొర కళ్లు రోజురోజుకీ పెద్దవవుతున్నాయి అన్నాను. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. చెప్పాక ఆయన నవ్విన నవ్వుకి పక్క బల్ల దగ్గరివాళ్లు తల తిప్పి చూశారు.

వారమంతా నేను మంగళవారం కోసం పోట్లాట సిద్ధం చేసుకునేదాన్ని. బెండకాయలు తరుగుతూ వాదించేదాన్ని. బట్టలు మడత పెడుతూ వాదించేదాన్ని. ఒకసారి మా ఆయన ఫోన్లో, “ఎవరైనా వచ్చారా ఇంటికి? ఏవో మాటలు వినపడ్డాయి” అని అడిగాడు. ఎవరూ రాలేదని చెప్పాను. నిజం చెప్పాలంటే దొర ఏం చేశాడో తెలుసుకోవాలని నాకంత పట్టుదలేమీ లేదు. ‘కాదు, నువ్వు చెప్పేది తప్పు’ అని నాతో ఒక మనిషి వాదిస్తున్నాడు, అదీ నాకు కావలసింది. నా మాట లెక్కలోకి వచ్చేది ఆ గంటసేపే.

ఆకులు రంగు మారే రోజుల్లో ఆయన, ఇల్లు అమ్మకానికి పెట్టానని చెప్పాడు. అరిజోనాలో ఉన్న కూతురు తీసుకెళ్లిపోతోందట. మెట్లు ఎక్కలేకపోతున్నాడు, ఒక్కడూ ఉండటానికి వీల్లేదంది. ఆ మాట చెప్పి టైని సవరించుకుంటూ కూర్చున్నాడు.  అరిజోనా మంచిదే కదా, చలి ఉండదు అన్నాను. 

“వెళ్లేలోపు ఒక్క కోరిక ఉంది” అన్నాడు. “ఇక్కడ, ఈ లైబ్రరీ హాల్లో, దొర కథ మొదట్నుంచి చివరిదాకా చెప్పాలి. నలభై ఏళ్లు పాఠాలు చెప్పాను. వినేవాళ్లంతా తప్పనిసరై కూర్చున్నవాళ్లే. వాళ్లంతట వాళ్లు వచ్చి కూర్చున్నవాళ్లకి ఒక్కసారి చెప్పాలని ఉంది. ఒకసారి ప్రయత్నించాను. ముగ్గురు వచ్చారు. అందులో ఒకరు మా ఆవిడ.”

“జనాన్ని నేను తెస్తాను” అనేశాను. ఊళ్లో పట్టుమని పదిమంది నాకు తెలియదు. అయినా అన్నాను.

ఆ రోజే ఆంటీకి ఫోన్ చేశాను. మా చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ ఆవిడ ఆంటీయే. వ్రతాలకీ, తలా ఒక వంటకం తెచ్చే పాట్‌లక్‌లకీ ఆవిడ ఈమెయిల్ పెడితేనే జనం కదిలేది. నన్ను ఆవిడ ఒకటి రెండుసార్లు చూసి ఉంటుంది, గుర్తుంటుందో ఉండదో అనుకుంటూనే చేశాను.

“ఆంటీ, ఇంకో మూడు వారాలకి, సాటర్‌డే, లైబ్రరీలో ఒక స్పీచ్ ఉంది. మీరందరూ రావాలి.”

“ఎవరిదమ్మా? మనవాళ్లదేనా?”

“కాదాంటీ, అమెరికన్. పెద్దాయన. హిస్టరీ గురించి.”

“హిస్టరీయా! పిల్లలకి మంచిదే. ఎన్నింటికి?”

“టూ ఓ క్లాక్, ఆంటీ. షార్ప్.”

“తప్పకుండా వస్తాం. అందరికీ ఈమెయిల్ పెడతాగా. పులిహోర చేయనా?”

“లైబ్రరీలో ఫుడ్ అలౌ చేయరాంటీ.”

“కార్లో పెడతాంలేమ్మా. కార్లో కూడా అలౌ చేయరా ఏంటి?”

మా సందు చివర కరీంనగర్ అమ్మాయి ఉండేది, ఆమెకీ చెప్పాను. “పక్కా వస్తం అక్కా, మా ఫ్రెండ్స్‌ని గూడ తీస్కొస్త” అంది. అలా చెప్పినవాళ్లందరూ వస్తామనే అన్నారు. రాను అన్నవాళ్లు ఒక్కరు లేరు. మనలో పిలుపుకి రాననే జవాబు ఎక్కడుంది? చేతులు జోడించి ‘తప్పకుండా’ అంటాం, తర్వాత దేవుడి దయ. ఆ సంగతి నాకు తెలుసు. మాస్టారికి తెలియదు కదా. హాలు నిండుతుందని చెప్పగానే నమ్మేశాడు. గోడకి ఆనించిన కుర్చీలన్నీ వేయించమన్నాడు. కౌంటర్ అమ్మాయి అన్నీ ఎందుకండీ అంటే, “ఈవిడ వాళ్లు వస్తున్నారు” అని నన్ను చూపించాడు. ఆ మాటకి నాకు గర్వంగానూ అనిపించింది, భయమూ వేసింది.

ఆ శనివారం ఒంటిగంటకే మా ఆయనా నేనూ వెళ్లాం. కుర్చీలు వరసలుగా వేశాం. మాస్టారు బూట్లు మెరిసేలా పాలిష్ చేసుకొచ్చాడు. గోడ గడియారంలో రెండయింది. హాల్లో నేనున్నాను, మా ఆయన ఉన్నాడు, తలుపు దగ్గర కౌంటర్ అమ్మాయి నిలబడింది, వెనక వరసలో వెచ్చదనం కోసం వచ్చిన మనిషొకడు కునుకు తీస్తున్నాడు. కాసేపు ఆగుదామండీ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. రెండు అని చెప్పాక రెండే. అది ఆయన పద్ధతి.

మొదలుపెట్టాడు. ఖాళీ కుర్చీలవైపు ఒక్కొక్క వరసనూ చూస్తూ, చివరి వరసకి కూడా వినపడాలన్నట్టు గొంతు పెంచి చెప్పాడు. ఎక్కడా తడబడలేదు. మా ఆయన కూడా ఫోన్ జేబులో పెట్టేసి తలవంచుకుని విన్నాడు. నేను మాత్రం తలుపు వైపే చూస్తున్నాను. మనవాళ్ల మీద కోపం, ఆంటీ మీద కోపం, అందరికంటే నా మీద నాకు కోపం. మనవాళ్లకి రెండు గంటలంటే ఇంట్లో స్నానానికి లేచే వేళ. ఒంటిగంటకని చెప్పాల్సింది. పెళ్లిపత్రికల్లో గంట ముందు వేళ వేయించే జాతిలో పుట్టి ఆ మాత్రం తెలివి లేకపోయింది నాకు.

మాస్టారు కథలో ముసలి దొర ఒంటరి భవంతి దాకా వచ్చాడు. ఇంక పది నిమిషాల కథ ఉంది. అప్పుడు అద్దాల తలుపు అవతల పట్టుచీరలు కనిపించాయి. చంటిపిల్లల స్ట్రోలర్లు, పిల్లలు, కుర్రాళ్లు, ఎవరి అత్తగారో, ఎవరి మామగారో. ముందు ఆంటీ. హాలు చూస్తుండగానే నిండింది. కుర్చీలు చాలక పిల్లలు కింద కూర్చున్నారు.

ఆంటీ నా పక్కన కూర్చుని, చెవిలో అనుకుని గట్టిగానే అడిగింది. “అయిపోయిందా?”

“అయిపోవచ్చిందాంటీ.”

“అయ్యో రామ! ట్రాఫిక్ అమ్మా. పోనీ మళ్లీ మొదట్నుంచి చెప్పమను. ఇంతమందిమి వచ్చాం కదా.”

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా లేచి వెళ్లి ఆయనకి ఆ మాటే చెప్పాను. ఆయన హాలంతా ఒకసారి చూశాడు.

“మొదట్నుంచా?”

“మొదట్నుంచే కావాలంటున్నారు.”

పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. కౌంటర్ అమ్మాయి, తర్వాత హాలు ఎవరికీ ఇవ్వలేదు కానివ్వండి అంది.

రెండోసారి ఇంకా బాగా చెప్పాడు. వయసు పదేళ్లు తగ్గినట్టు చేతులు తిప్పుతూ చెప్పాడు. బళ్లారి అనగానే హాల్లో గుసగుసలు లేచాయి. “మన బళ్లారేనా? మా మామగారిది బళ్లారే!” అని ఒకాయన నిలబడి చెప్పి కూర్చున్నాడు. అక్కడ ఓటంటే అవును గదిలోకో కాదు గదిలోకో నడిచి వెళ్లడమట, చెవిటి దొర ఓటు వేసేటప్పుడు స్నేహితుడి వెనకాలే వెళ్తున్నాననుకుని ఎదుటి పార్టీవాడి వెనక వెళ్లి, తన పార్టీకే వ్యతిరేకంగా ఓటేసి వచ్చిన ముచ్చట చెబితే అందరూ ఘొల్లుమన్నారు. ఆ ముచ్చట నేను అప్పటికి చాలాసార్లు విన్నాను. అందరికంటే ముందు నేనే నవ్వాను.

ఆ తర్వాత ఆయన ఆగాడు. మంచినీళ్లు తాగాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ సూటిగా నన్ను చూశాడు. కథలో ఏ ఏడు వచ్చిందో నాకు తెలుసు. కరువు ఏడు వచ్చింది.

నేను ఎక్కడ లేస్తానో, ఎక్కడ అడుగుతానో అని భయపడుతున్నాడనుకున్నాను. జీవితంలో ఒక్కసారి హాలు నిండింది. నిండినవాళ్లందరూ మనవాళ్లే. ఇప్పుడు నేను లేచి, మీ దొర మావాళ్ల కోసం ఏం చేశాడని అడిగితే ఆ ముసలాయన ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు? నాలుగు గోడల మధ్య ఎంత పోట్లాడినా, పెద్దవాళ్లని నలుగురిలో నిలదీయకూడదని కదా మనకి నేర్పేది. నేను తల వంచుకుని గాజులు సర్దుకున్నాను. ఆయన ఇంకొంచెంసేపు ఆగాడు. నేను తల ఎత్తలేదు. కళ్లజోడు పెట్టుకుని, దొర అన్నలు పోవడం, బిరుదు రావడం దగ్గరికి వెళ్లిపోయాడు.

అందరూ చాలాసేపు చప్పట్లు కొట్టారు. తర్వాత ప్రశ్నలు. పిల్లల్లేరు కదా అంకుల్, మరి ఆస్తి ఎవరికి పోయింది? రెండో పెళ్లి ఎందుకు చేసుకోలేదు? ఇక్కడే పుట్టిన ఒక చిన్నపిల్ల అమెరికన్ యాసలో, ఆయనకి గుర్రం ఉందా, దాని పేరేంటి అంది. ఆయనకి గుర్రం పేరు కూడా తెలుసు. అందరూ ఆయన చుట్టూ మూగారు, ఫొటోలు తీసుకున్నారు. నాకు సంతోషంగా ఉండాలి. ఉంది కూడా. కానీ అంతమంది మధ్య నిలబడి నా మనిషిని ఎవరో తీసేసుకున్నట్టు అనిపించింది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా అంత ఒంటరిగా అనిపించలేదు.

బయట పార్కింగ్‌లో కార్ల డిక్కీలు తెరిచారు. ఆంటీ కాగితం ప్లేటులో పులిహోర పెట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన పచ్చిమిరపకాయ కొరికి, కళ్లల్లో నీళ్లు కారుతుంటే కూడా బాగుంది బాగుంది అంటున్నాడు. నేను మంచినీళ్ల సీసా తీసుకెళ్లి ఇచ్చాను. తాగి, ఊపిరి పీల్చుకుని అన్నాడు.

“ఇవాళ నువ్వు నాతో పోట్లాడలేదు.”

“ఇంతమందిలోనా? ఇవాళ మీ రోజు కదా.”

“నేను ఆగాను. చూశావు కదా?”

“చూశాను. నేను అడుగుతానేమోనని భయపడ్డారనుకున్నాను.”

ఆయన ప్లేటు కారు మీద పెట్టాడు. “నువ్వు అడుగుతావనే ఆగాను” అన్నాడు. “నాకు జవాబు దొరికింది. రెండు వారాలైంది. నీకు చెప్పకుండా దాచుకున్నాను. అందరి ముందూ నువ్వు లేచి అడగాలి, నేను జవాబు చెప్పాలి అనుకున్నాను. నా అంతట నేనే చెబితే అది నా ఉపన్యాసంలో ఒక ముక్క అయిపోతుంది. అడిగింది నువ్వు అని వాళ్లందరికీ తెలియాలి కదా.”

“ఏమిటి జవాబు?”

“ఏమీ చేయలేదు. అదే జవాబు. చెవులవల్ల కాదు, జబ్బువల్ల కాదు. ఆయనకి ఆ ఊళ్లు తెలుసు, ఆ మనుషులు తెలుసు, మాట్లాడగలడు. మాట్లాడలేదు. మా ఆవిడా నేనూ యాభై ఏళ్లు ఆ సంగతి చూడకుండా పక్కనుంచి నడిచాం. నువ్వు చెప్పిందే నిజం.”

అందర్నీ మళ్లీ పిలిచి హాల్లో కూర్చోబెట్టాలనిపించింది. అక్కడే నిలబడి గట్టిగా అరిచి అడగాలనిపించింది. అడిగాను కూడా. “అంత తెలిసినవాడు ఎందుకు మాట్లాడలేదండీ మీ దొర?” అని, పార్కింగ్ అంతా వినపడేలా. ఆయన జవాబు చెప్పబోయాడు. ఈలోపు ఆంటీ పెరుగన్నం గిన్నె పట్టుకుని వచ్చింది. “ఏంటమ్మా, పెద్దాయన్ని పట్టుకుని అలా గట్టిగా! తిననివ్వు పాపం” అంది. పిల్లలు కార్లలోకి ఎక్కుతున్నారు. డిక్కీలు మూస్తున్నారు. ఆయన్ని ఇంటి దగ్గర దింపాల్సిన పక్కింటాయన వచ్చి చేయి పట్టుకున్నాడు. కారు ఎక్కుతూ నావైపు చూసి వేలు ఆడించాడు, వచ్చేవారం చెబుతా అనేటప్పుడు ఎప్పుడూ ఆడించేట్టే. వచ్చేవారం లేదని ఇద్దరికీ తెలుసు. ఆదివారం కూతురు వచ్చింది, సోమవారం వెళ్లిపోయారు.

మంగళవారం నాకు వెళ్లాలని లేదు. కాళ్లు ఊరుకోక వెళ్లాను. కౌంటర్ అమ్మాయి నాకోసం కొత్త వాలంటీర్‌ని చూసిపెట్టింది. చిన్న వయసు, చక్కని ముఖం, ఎంతో ఓపిక. వారాంతం ఏం చేశారని ఒక్కొక్క మాటా విడదీసి అడిగింది. నేను దొర గురించి చెప్పాను, బళ్లారి గురించి చెప్పాను, కరువు గురించి చెప్పాను, పార్లమెంటులో ముప్పై ఏళ్లు కూర్చుని మాట్లాడనివాడి గురించి చెప్పాను. ఆ అమ్మాయి తల ఊపుతూ ‘గుడ్, వెరీ గుడ్’ అంటూనే ఉంది. చూద్దామని, దొర చాలా గొప్పవాడు, ఆయన తప్పేమీ లేదు అన్నాను. దానికీ గుడ్ అంది. ఒక్కదానికీ కాదనలేదు. గంట పూర్తికాకుండానే నాకు ఏడుపొచ్చింది.